సెకండ్ హ్యాండ్ జర్మన్ సెడాన్‌లో రెండు రోజులకే బ్యాటరీ దిగిపోతుంటే (నా అనుభవం)

కారు రెండు రోజులు కదలకపోతే చాలు, స్టార్ట్ అయ్యేది కాదు. పైగా డ్యాష్‌బోర్డు నిండా స్టీరింగ్, ఏబీఎస్ వార్నింగులు.

కొత్త బ్యాటరీ, ఆల్టర్నేటర్ చెకింగ్, స్కానర్‌తో కోడ్‌లు చెరపడం: ఏవీ పనిచేయలేదు.

చివరికి పనిచేసింది ఇది. బ్యాటరీ డిక్కీలోనే ఉంది కాబట్టి ముందు డిక్కీ తెరిచి, దాని లాచ్‌ను స్క్రూడ్రైవర్‌తో మూసేశాను, మూత వేసినట్టే కారు అనుకోవాలి కదా. లాక్ చేసి, తాళం దూరంగా పెట్టేశాను. ఈ కార్లలో కంప్యూటర్లన్నీ నిద్రపోవడానికి టైమ్ పడుతుంది, అరగంట పైనే ఆగాలి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. తర్వాత బ్యాటరీ నెగెటివ్ కేబుల్‌కు డీసీ క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచేది) తగిలిస్తే 0.7 ఆంపియర్లు! మామూలుగా 0.05 లోపే ఉండాలి.

ఫ్యూజులు పీకలేదు, పీకి పెడితే ఆ కంప్యూటర్లు మళ్లీ లేస్తాయి. ఒక్కో ఫ్యూజు వెనక కనిపించే రెండు లోహపు చుక్కల మీద మల్టీమీటర్ పెట్టి మిల్లీవోల్టులు చూశాను, ఫ్యూజులో కరెంటు పారుతుంటే అక్కడ కాస్త వోల్టేజీ కనిపిస్తుంది. అన్నీ సున్నాయే. అప్పుడు కంటపడింది, బ్యాటరీ టెర్మినల్ నుంచి నేరుగా పోతున్న లావుపాటి ఎర్ర వైరు. క్లాంప్ దాని మీదికి మారిస్తే అదే 0.7. పాత ఓనరు పెట్టించిన వూఫర్ యాంప్లిఫైయర్ అది, ఆన్ సిగ్నల్ వైరును ఎప్పుడూ కరెంటుండే చోట కలిపేశారు. ఆ సిగ్నల్ వైరును ఇగ్నిషన్‌తో ఆగిపోయే ఫ్యూజుకు మార్పించాను. ఇప్పుడు 0.03. వార్నింగులూ మళ్లీ రాలేదు, అవి వోల్టేజీ తగ్గడం వల్లే వచ్చినట్టున్నాయి.

మీ కారులో దొంగ వేరే ఉండొచ్చు. బయట బిగించినవేవీ లేకపోతే ఫ్యూజుల దగ్గరే దొరికే అవకాశం ఎక్కువ.