పొరల్లో రంగు బురద కాకుండా ఉండాలంటే

కడప ఎండల్లో అక్రిలిక్‌తో అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలు వేసేవాళ్లకు ఒక మాట. రంగులన్నీ పాలెట్ మీదే కలిపేయకండి. నారింజ, నీలం తడిమీద కలిస్తే మిగిలేది మట్టిరంగే. అదే నారింజ బాగా ఆరాక దానిమీద నీలాన్ని పల్చగా పూస్తే, అడుగున ఉన్న వెచ్చదనం పైకి తెలుస్తుంది. అమెరికన్ అబ్‌స్ట్రాక్ట్ చిత్రకారుడు మార్క్ రోత్కో బొమ్మలు లోపల్నుంచి వెలుగుతున్నట్టు ఉండటానికి ఈ పల్చటి పొరలే పెద్ద కారణం.

పై పొరకు పారదర్శకమైన రంగు తీసుకోండి. చాలా ట్యూబుల మీద చిన్న చతురస్రం గుర్తుంటుంది. అది ఖాళీగా ఉంటే కింది రంగు కనిపిస్తుంది, నల్లగా నిండి ఉంటే కప్పేస్తుంది. కాడ్మియం రెడ్ అలా కప్పేసే రకం. పల్చన చేయడానికి గ్లేజింగ్ మీడియం (రంగులో కలిపే పారదర్శకమైన అక్రిలిక్ ద్రవం) వాడండి. నీళ్లు మరీ ఎక్కువైతే రంగుకు పట్టు ఉండదు.

గండికోట లోయనే తీసుకోండి. అడుగున ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), ఆరాక బర్న్‌ట్ సియన్నా (ఎర్ర గోధుమరంగు), నీడ పడేచోట మాత్రం అల్ట్రామెరైన్ (ముదురు నీలం). సియన్నా తడిగా ఉండగానే పాత ఏటీఎం కార్డు అంచుతో అడ్డంగా గీరండి, ఓకర్ బయటపడి రాతి వరసలు వాటంతటవే వస్తాయి. నాకైతే బ్రష్‌తో గీసిన గీతకన్నా ఇదే అందం. మన వేడికి రంగు నిమిషాల్లో ఆరిపోతుంది కాబట్టి ఫ్యాన్ ఆపి, స్ప్రే బాటిల్‌తో సన్నగా నీళ్లు చల్లుతుండండి.

ఆయిల్ కలర్స్‌ అయితే పై పొరలకు వెళ్లేకొద్దీ రంగులో నూనె పెంచాలి, లేకపోతే పొర పగులుతుంది.