డైలాగుల ఆట, 4వ పాఠం: మక్కీకి మక్కీ

పోయిన పాఠంలో సగం డైలాగు మీరు చెప్పి, మిగతా సగం స్నేహితుల చేత చెప్పించమన్నాను. చాలామంది ఒక్క డైలాగు దగ్గరే గొడవపడి ఆట ఆపేశారు. కాబట్టి ఈ వారం మొదలుపెడదామనుకున్న పాయింట్ల లెక్క పక్కన పెట్టి, ముందు డైలాగును మక్కీకి మక్కీ ఎలా రాసుకోవాలో చూద్దాం.

పాతాళభైరవి (1951)లో నేపాళ మాంత్రికుడిగా ఎస్వీ రంగారావు గారు అన్నది 'సాహసం శాయరా డింభకా'. ఒక ఇంట్లో ఆట నడిపినాయన కాగితం మీద 'చేయరా' అని రాసుకున్నారు. ఇద్దరు 'సేయరా' అన్నారు. ఒకమ్మాయి మాత్రం 'శాయరా' అంది. తప్పన్నారట! సరిగ్గా చెప్పిన పిల్లకే మార్కు పోయింది. నాకు చాలా బాధేసింది.

మన బుర్రలో డైలాగు భావం నిలుస్తుంది, మాట జారిపోతుంది. జారిన చోట మనం రోజూ వాడే మాట వచ్చి కూర్చుంటుంది. పైగా మిమిక్రీలో, మీమ్స్‌లో విన్నది అసలు మాటను కప్పేస్తుంది. అందుకే గుర్తున్నది గుర్తున్నట్టు ప్రశ్నగా రాయొద్దు. ఆ సీను పెట్టుకుని, ఆపి ఆపి విని రాయండి. ఫోన్‌లో రెండు నిమిషాల పని.

విన్నాక దాన్ని దిద్దకండి కూడా. ముత్యాలముగ్గు (1975)లో ముళ్లపూడి వెంకటరమణ గారు రాసింది 'మడిసన్నాక', 'కలాపోసన'. 'మనిషన్నాక కళాపోషణ' అని శుద్ధి చేసి అడిగితే రావు గోపాలరావు గారి పాత్రే మాయమైపోతుంది. అక్కడ యాసే డైలాగు.

ఇక స్నేహితులు పూరించాల్సిన ఖాళీ డైలాగులో ఎక్కడ పెట్టాలి? చివర పెడితే పాటలా దానంతటదే వచ్చేస్తుంది. నేనైతే మధ్యలో పెడతాను. దానవీరశూరకర్ణ (1977)లో దుర్యోధనుడి మాట చూడండి: 'ఇది ____ పరీక్షయే గాని ____ పరీక్ష కాదే.' మొదటిది క్షాత్ర, రెండోది క్షత్రియ. ఎన్టీఆర్ గారి సీను మొత్తం అప్పజెప్పగలిగేవాళ్లు కూడా ఇక్కడ తారుమారు చేస్తారు. క్షాత్రం అంటే పరాక్రమం, క్షత్రియ అంటే కులం. ఆ సినిమాకు మాటలు రాసిన కొండవీటి వెంకటకవి గారు వాదమంతా ఆ రెండు మాటల తేడా మీదే నిలబెట్టారు. అర్థం తెలిసినవాళ్లకు మాట కూడా గుర్తుంటుంది.

నాలుగు ఆప్షన్లు ఇవ్వడం నాకు నచ్చదు. గుర్తుపట్టడం వేరు, గుర్తుతెచ్చుకోవడం వేరు. మరీ తడబడితే సీను చెప్పండి, మాట చెప్పొద్దు. మాయాబజార్ (1957) అయితే 'కొత్త మాట పుట్టించినవాడికి ఘటోత్కచుడు ఏం వేయించాడు?' అని అడగండి. 'వీరతాడు' వెంటనే వస్తుంది.

అడిగేటప్పుడు నటుడి గొంతు అనుకరించొద్దు. పేపర్ చదివినట్టు చదవండి. పోకిరి డైలాగును మహేష్ బాబులా తల వంచి అడిగితే జవాబు మీరే చెప్పినట్టు.

అభ్యాసం: వచ్చే వారానికి అయిదు డైలాగులు. రెండు 1960కి ముందువి, ఒకటి యాసలో ఉన్నది. ఒక్కోటీ ముందు గుర్తున్నట్టు రాయండి, తర్వాత సీను మూడుసార్లు విని పక్కనే మళ్లీ రాయండి. రెండిటికీ తేడా వచ్చిన మాటకు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. మీ ఖాళీలు పెట్టాల్సింది సరిగ్గా ఆ సున్నాల్లోనే. ఇక ఆ 'శాయరా' అమ్మాయికి, పోయిన మార్కు ఈ వారమే ఇచ్చేయండి.