పరాయి దేశపు నేత, స్థానిక కోర్టు – 3వ పాఠం: నాలుగు గీతలు

పరాయి దేశపు నేతను స్థానిక కోర్టు విచారించడం ఏ నేరాలకు కుదురుతుందో, కోర్టుకు ఆ అధికారం ఎక్కడి నుంచి వస్తుందో గత రెండు పాఠాల్లో చూశాం. ఈసారి నోటుబుక్కు, స్కేలు దగ్గర పెట్టుకోండి. అమలాపురంలో మా విద్యార్థులకు చెప్పేటప్పుడు నేను ఎక్కువసేపు ఆగేది ఈ పాఠం దగ్గరే.

అడ్డంగా నాలుగు గీతలు గీయండి. మొదటిది నేరం జరిగిన కాలం, రెండోది నిందితుడు పదవిలో ఉన్న కాలం. మూడో దాని మీద విచారించే దేశంలో ఆ నేరాన్ని శిక్షించే చట్టం అమల్లోకి వచ్చిన రోజు, నాలుగో దాని మీద వారెంటు ఇచ్చిన రోజు గుర్తు పెట్టండి.

ముందు పినోషే కేసు. చిలీని 1973 నుంచి 1990 దాకా ఏలాడు. 1998 అక్టోబరు 16న స్పెయిన్ జడ్జి బల్తసార్ గార్సోన్ ఇచ్చిన వారెంటు మీద లండన్‌లో అరెస్టయ్యాడు. వారెంటు నాటికి పదవి లేదు. చిత్రహింసల కేసులో మాజీ దేశాధినేతకు రక్షణ, అంటే పదవి పేరుతో విచారణ తప్పించుకునే వీలు, ఉండదని 1999 మార్చిలో బ్రిటన్ ప్రభువుల సభ (అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టు) న్యాయమూర్తులు తేల్చారు. ఇప్పుడు మూడో గీత చూడండి. బయటి దేశంలో జరిగిన చిత్రహింసను బ్రిటన్‌లో శిక్షించే చట్టం అమల్లోకి వచ్చింది 1988 సెప్టెంబరులో. దాంతో అంతకుముందరి ఆరోపణల్లో చాలావరకు పక్కకు పోయాయి. 1973లో జైళ్లలో నలిగిపోయినవాళ్ల గోడు ఒక్క తేదీ దగ్గర ఆగిపోయింది. ఎన్నిసార్లు చదివినా నాకు మనసు కలుక్కుమంటుంది. చివరికి 2000 మార్చిలో అనారోగ్యం కారణంగా అతన్ని ఇంటికి పంపేశారు.

పదవిలో ఉన్నవాడి సంగతి వేరు. కాంగో విదేశాంగ మంత్రి మీద 2000లో బెల్జియం ఇచ్చిన వారెంటును రద్దు చేయాలని 2002 ఫిబ్రవరి 14న అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పింది. తీర్పునాటికి ఆయన ఆ పదవిలో లేడు. అయినా వారెంటు రోజునే లెక్కలోకి తీసుకున్నారు. ధవళేశ్వరం లాకుల దగ్గర పడవ ఆగినంత మాత్రాన ప్రయాణం రద్దయినట్టు కాదు కదా, ఈ రక్షణా అలాంటిదే: పదవి ఉన్నంతకాలం కేసును ఆపుతుందే గానీ నేరాన్ని మాఫీ చేయదు. సిరియా అధ్యక్షుడు అసద్ మీద 2023 నవంబరులో ఫ్రాన్స్ జడ్జీలు ఇచ్చిన వారెంటును, అప్పటికి అతను పదవిలో ఉన్నాడు కాబట్టి, ఫ్రాన్స్ అత్యున్నత కోర్టు 2025 జులైలో కొట్టేసింది. 2024 డిసెంబరులో పదవి పోయింది కాబట్టి కొత్త వారెంటు ఇవ్వొచ్చని కూడా చెప్పింది.

ఇక మన దేశం. యుద్ధంలో ఖైదీలను, గాయపడ్డవాళ్లను, పౌరులను కాపాడే జెనీవా ఒప్పందాల కోసం చేసిన 1960 నాటి చట్టం 3వ సెక్షన్, ఆ ఒప్పందాల తీవ్ర ఉల్లంఘన ఎవరు చేసినా, దేశం బయట చేసినా శిక్ష వేయొచ్చంటుంది. 17వ సెక్షన్ మాత్రం ప్రభుత్వ పక్షాన ఫిర్యాదు వస్తేనే కోర్టు కేసు తీసుకోవాలంటుంది. ఇది బాధితుడి ముఖాన తలుపు వేయడమే అంటాను. చాద్ నియంత హబ్రే మీద 2000లో సెనెగల్ కోర్టుకెక్కింది బాధితులే. వాళ్లు పట్టు వదల్లేదు కాబట్టే 2016 మే 30న డకార్‌లో అతనికి యావజ్జీవ శిక్ష పడింది.

అభ్యాసం: ఒక కల్పిత కేసు. 2009–2014 మధ్య రక్షణ మంత్రిగా చేసిన ఒక విదేశీయుడు సంక్రాంతికి దిండి రిసార్టులో దిగాడు. 2012లో రెండు దేశాల మధ్య జరిగిన యుద్ధంలో ఖైదీలను చంపించాడని ఆరోపణ. చనిపోయిన ఖైదీ తమ్ముడు నేరుగా రాజోలు కోర్టుకు వెళ్లాడు. నాలుగు గీతలు గీసి, కేసు ఏ గీత దగ్గర ఆగుతుందో, లేక గీతలన్నీ దాటాక ఇంకెక్కడ ఆగుతుందో రాయండి. జవాబు 4వ పాఠంలో చూద్దాం.