హాక్సా మిషన్ ఆటో కటాఫ్: లిమిట్ స్విచ్ వైరు ఎక్కడ పడాలి

రాడ్ తెగగానే బ్లేడు ఉన్న ఫ్రేమ్ కిందకి దిగి లిమిట్ స్విచ్‌ని, అంటే లీవర్ కదిలితే పనిచేసే చిన్న స్విచ్‌ని, నొక్కాలి, మోటారు ఆగిపోవాలి, హాక్సా మిషన్‌లో ఆటో కటాఫ్ అంటే అంతే కదా. కానీ ఈ చిన్న పనిని తప్పుగా వైరింగ్ చేసినవి నేను చాలానే చూశాను. ఒక షెడ్డులో అయితే 3 ఫేజుల్లో ఒక ఫేజుని తీసుకెళ్ళి డైరెక్టుగా లిమిట్ స్విచ్ గుండా తిప్పి మోటారుకి ఇచ్చేశారు, ఒక ఫేజు పోతే ఆగిపోతుంది కదా అని వాళ్ళ లెక్క. ఆగదండీ. తిరుగుతున్న 3 ఫేజు మోటారు ఒక ఫేజు పోయినా మిగతా రెండిటి మీద మూలుగుతూ తిరుగుతూనే ఉంటుంది, వైండింగ్ వేడెక్కుతుంది. అక్కడ మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే ఓవర్‌లోడ్ రిలే కూడా ఫుల్లుగా తిప్పి పెట్టేశారు, మాటిమాటికీ ట్రిప్ అవుతోందని. నేను వెళ్ళేసరికి మోటారు మీద చెయ్యి పెట్టలేకపోయాను, వార్నిష్ కాలిన వాసన బయట గేటు దాకా వస్తోంది.

కాబట్టి మొదటి మాట, లిమిట్ స్విచ్ మోటారు కరెంటుని ఆపకూడదు, స్టార్టర్ లోపల కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్‌ని లాగి పట్టుకునే కాయిల్ కరెంటుని ఆపాలి. 2 హెచ్‌పీ మోటారు సుమారు మూడున్నర ఆంపియర్లు తీసుకుంటుంది, స్టార్టింగ్‌లో దానికి ఆరు రెట్ల దాకా పోతుంది. చిన్న కాంటాక్టర్ 230 వోల్టుల కాయిల్ మాత్రం ఒకసారి పట్టుకున్నాక 0.1 ఆంపియర్ కూడా తీసుకోదు. ఆ చిన్న కరెంటుని కట్ చేయడానికే ఆ చిన్న స్విచ్.

రెండోది, ఎన్‌సీ కాంటాక్ట్ వాడాలి, అంటే మామూలుగా కలిసి ఉండి నొక్కితే తెరుచుకునేది. స్విచ్ లోపల నంబర్లు చూడండి, 11-12 లేదా 21-22 అని ఉంటే ఎన్‌సీ, 13-14 అయితే ఎన్‌ఓ, అంటే నొక్కితేనే కలిసేది. ఎన్‌ఓ పెట్టి రిలేతో ఆపే వాళ్ళున్నారు, పని చేస్తుంది కూడా, కానీ ఏదో రోజు వైరు ఊడితే ఆ సంగతి మీకు తెలీదు, మిషన్ ఆగకుండా కోస్తూనే ఉంటుంది. అదే ఎన్‌సీలో వైరు ఊడితే అసలు మిషనే స్టార్ట్ అవ్వదు, వెంటనే తెలిసిపోతుంది. కొనేటప్పుడు స్విచ్ మీద గుండ్రంలో బాణం గుర్తు ఉందో లేదో చూడండి, అది ఉంటే కాంటాక్ట్ అతుక్కుపోయినా లీవర్ బలంతో విడగొట్టి తెరుస్తుంది, స్ప్రింగ్ మీద ఆధారపడదు. సాదా మైక్రో స్విచ్‌లో ఈ సంగతి ఉండదు.

ఇప్పుడు వైరింగ్. ముందు ఐసోలేటర్ (మిషన్ మెయిన్ స్విచ్) ఆఫ్ చేసి తాళం వేసి తాళంచెవి మీ జేబులో పెట్టుకోండి, ఇంకొకరికి ఇవ్వొద్దు. మల్టీమీటర్‌ని ముందు కరెంటు ఉన్న చోట చూసి పని చేస్తోందని తేలాక స్టార్టర్‌లో చూడండి, మళ్ళీ కరెంటు ఉన్న చోట ఇంకోసారి చూడండి, ఉత్త టెస్టర్‌ని నమ్మి చెయ్యి పెట్టొద్దు. స్టార్టర్ విప్పడం అలవాటు లేకపోతే ఇక్కడే ఆగి లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

230 వోల్టుల కాయిల్ అనుకుందాం. ఫేజు నుంచి 2 ఆంపియర్ల ఫ్యూజు, దాని నుంచి ఓవర్‌లోడ్ రిలే 95-96 (దాని ఎన్‌సీ కాంటాక్ట్), తర్వాత ఎమర్జెన్సీ స్టాప్ ఎన్‌సీ, తర్వాత లిమిట్ స్విచ్ ఎన్‌సీ, తర్వాత ఎర్ర బటన్ ఎన్‌సీ, ఆ తర్వాతే పచ్చ బటన్, దానికి పక్కన ప్యారలల్‌గా కాంటాక్టర్ 13-14 హోల్డింగ్ (బటన్ వదిలినా కాయిల్‌ని పట్టి ఉంచే కాంటాక్ట్), అక్కణ్ణుంచి కాయిల్ ఒక కొన ఏ1. రెండో కొన ఏ2 నేరుగా న్యూట్రల్‌కి, మధ్యలో ఏ స్విచ్చూ వద్దు. ఎందుకంటే న్యూట్రల్ వైపు లిమిట్ స్విచ్ పెట్టారనుకోండి, దానికీ కాయిల్‌కీ మధ్య వైరు ఇన్సులేషన్ చెడి బాడీకి తగిలితే కాయిల్‌కి ఎర్త్ గుండా దారి దొరుకుతుంది, స్విచ్ తెరుచుకున్నా కాంటాక్టర్ వదలదు.

లిమిట్ స్విచ్‌ని హోల్డింగ్ వైరులో మాత్రమే పెడితే ఇంకో తిప్పలు, ఫ్రేమ్ కింద ఉన్నా పచ్చ బటన్ నొక్కి పట్టుకున్నంతసేపూ మోటారు తిరుగుతుంది. పచ్చ బటన్ లైనులో మాత్రమే పెడితే స్టార్ట్ అయ్యాక ఇక ఆపదు. అందుకే పచ్చ బటన్ దారీ హోల్డింగ్ దారీ రెండూ విడిపోకముందే పెట్టాలి.

మన దగ్గర చాలా స్టార్టర్లలో కాయిల్ 415 వోల్టులది, రెండు ఫేజుల మధ్య ఉంటుంది. అంటే కూలెంట్ చిమ్మే చోటికి 415 వోల్టులు తీసుకెళ్తున్నట్టు. కాయిల్ 230 వోల్టులదానికి మార్చండి, లేదా కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 24 వోల్టుల కాయిల్ వేయండి, సెకండరీ ఒక కొన ఎర్త్ చేసి ఏ2 ని ఆ కొనకే ఇవ్వండి, నేనైతే ఇదే చేస్తాను.

బిగించడంలో తొందర వద్దు. ఫ్రేమ్ బరువు స్విచ్ మీద పడకూడదు, దానికి విడిగా స్టాపర్ బోల్టు ఉండాలి, బ్లేడు రాడ్ దాటి 3-5 మిల్లీమీటర్లు దిగాక లీవర్ కదలాలి. వైరు స్విచ్ లోపలికి దూరే గ్లాండ్ కిందవైపు ఉండాలి, పైకి పెడితే కూలెంట్ వైరు పట్టుకుని నేరుగా లోపలికి దిగుతుంది. మల్టీ స్ట్రాండ్ వైరు, కొనకి ఫెర్రూల్ (నొక్కి బిగించే చిన్న లోహపు గొట్టం), ఇనప బాడీ స్విచ్ అయితే ఎర్త్ కూడా. దారిలో టేపు జాయింట్లు వద్దే వద్దు.

టెస్టింగ్‌కి మోటారు వైర్లు మూడూ విప్పి విడివిడిగా ఇన్సులేట్ చేసి పక్కన పెట్టండి, స్టార్టర్ మూత వేసేసి అప్పుడే కరెంటు ఇవ్వండి. పచ్చ బటన్ నొక్కితే కాంటాక్టర్ టక్‌మని పట్టుకోవాలి. చెక్క పుల్లతో లీవర్ నొక్కితే వదిలేయాలి, పుల్ల తీస్తే మళ్ళీ పట్టుకోకూడదు. పుల్ల తీయగానే పట్టుకుందంటే ఎవరో బటన్ బదులు తిప్పే స్విచ్ పెట్టారన్నమాట, బ్లేడు మార్చడానికి ఫ్రేమ్ ఎత్తగానే మిషన్ దానంతటదే స్టార్ట్ అవుతుంది. తర్వాత మెయిన్ ఆఫ్ చేసి ఆన్ చేయండి, అప్పుడూ పట్టుకోకూడదు, మిషన్ల ఎలక్ట్రికల్ స్టాండర్డ్ ఐఈసీ 60204-1 కూడా ఇదే అడుగుతుంది. మళ్ళీ ఐసోలేటర్ ఆఫ్, లిమిట్ వైరు ఒకటి విప్పి ఇన్సులేట్ చేసి, మూత వేసి కరెంటు ఇచ్చి పచ్చ బటన్ నొక్కి చూడండి, స్టార్ట్ కాకూడదు.

కరెంటు రాగానే మోటారుని దానంతటదే స్టార్ట్ చేసేలా పొలం మోటార్లకి పెట్టే ఆటో స్టార్టర్ ఉంది చూశారా, 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు తీసేయమని ప్రభుత్వమే రైతుల్ని అడిగింది, అలాంటిది పాతది పడి ఉంది కదా అని షెడ్డులో మిషన్‌కి తగిలించొద్దు. కరెంటు రాగానే బ్లేడు కదిలితే అక్కడ చెయ్యి ఉందో లేదో దానికి తెలీదు.

అంతా అయ్యాక డ్రాయింగ్ గీసి, వైరు నంబర్లు వేసి, స్టార్టర్ మూత లోపల అంటించండి. ఆ కాగితం లేకపోతే తర్వాత వచ్చే కుర్రాడు లిమిట్ స్విచ్ వైర్లు రెండూ కలిపేసి టేపు చుట్టి "ఇప్పుడు నడుస్తోంది సార్" అని డబ్బులు తీసుకుని వెళ్ళిపోతాడు.