పాల కవరు మూల తెగిపోనివ్వకండి

బరంపురంలో మీ వీధివాళ్లకి చెత్త వేరుచేయడం అలవాటు చేయాలంటే పాల కవరుతో మొదలుపెట్టండి. కత్తిరించేటప్పుడు మూల ఊడిపోకుండా, కవరుకే వేలాడేలా చిన్న గాటు పెట్టమనండి. ఊడిన ఆ ముక్కే కాలువలోకి పోతుంది, దాన్ని ఏరేవాళ్లుండరు. కవరు కాసిన్ని నీళ్లతో కడిగి (ఆ నీళ్లు మొక్కకి పోయొచ్చు), క్లిప్పు పెట్టి తీగ మీద ఆరేయాలి. తడిగా ఉంటే వాసనొస్తుంది, పాతసామాను కొనేవాళ్లు ముట్టుకోరు. ఒకరింటి వరండాలో గోనెసంచి కట్టి అందరి కవర్లూ అందులోనే వేయించండి. ఒక్కింటివి తూకానికి రావు, వీధివన్నీ కలిస్తే వస్తాయి. పాలిథిన్ కాబట్టి కరిగించి మళ్లీ వాడతారు. తడిచెత్త మాత్రం విడిగా కార్పొరేషన్ బండికివ్వాలి. పక్కింటి మావుసీకి (ఒడియాలో పిన్ని) ఓపిక లేకపోతే వారానికోసారి మీరే వెళ్లి కవర్లు తెచ్చుకోండి.