లూప్‌లో వేరియబుల్ పేర్లు పుట్టించొద్దు, డిక్షనరీ వాడండి

గుంటూరు మిర్చి యార్డు లెక్క ఒకటి పైథాన్‌లో రాస్తన్నారనుకోండి, తేజ, బాడిగ, 334, 341, ఇట్టా ఒక్కో రకం ఎన్ని బస్తాలొచ్చాయో దాచాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఫస్ట్ తట్టేదేంటంటే బస్తాలు_తేజ, బస్తాలు_బాడిగ అని లూప్ తిరిగినప్పుడల్లా ఓ కొత్త వేరియబుల్ పుట్టించడం, దానికోసం టెక్స్ట్‌ని కోడ్‌లాగా రన్ చేసే ఎగ్జెక్ (exec) అనో, వేరియబుల్స్ పట్టిక ఇచ్చే గ్లోబల్స్ (globals) అనో వెతుకుతా ఉంటారు. పనిచేసిద్ది, కాదనను, కానీ రేపు ఏ పేర్లున్నాయో మీకే తెలీదు, ఎడిటర్‌కీ తెలీదు. పైగా బయటి నుంచొచ్చిన టెక్స్ట్ ఎగ్జెక్‌లోకి పోయిందా, కోడ్‌లాగా రన్ అయిపోద్ది, అది మరీ డేంజర్.

దాని బదులు ఒక్క డిక్షనరీ పెట్టుకోండి, అంటే ఒక్కో పేరుకి (దాన్నే కీ అంటారు) ఒక్కో విలువ కట్టి దాచేది:

బస్తాలు = {}
బస్తాలు["తేజ"] = 120
బస్తాలు["334"] = 45

పైథాన్ 3లో తెలుగు పేర్లు కూడా నడుస్తాయి, ట్రై చేసి చూడండి. 334 సంగతి గమనించారా? అంకెతో మొదలయ్యే పేరు వేరియబుల్‌కి పెట్టనివ్వదు, కీకి మాత్రం ఏ అభ్యంతరం లేదు.

లూప్‌లో బస్తాలు[రకం] = సంఖ్య, అంతే. కాకపోతే అదే రకం రెండో లాట్ వస్తే పాత లెక్క చెరిగిపోద్ది, అందుకని గెట్‌తో పాతది తీసుకుని, లేకపోతే 0 అనుకుని, దానికి కలిపి పెట్టండి: బస్తాలు[రకం] = బస్తాలు.get(రకం, 0) + సంఖ్య. గెట్ లేకుండా లేని కీ అడిగితే కీఎర్రర్ (KeyError) కొట్టిద్ది.

మొత్తం కావాలంటే వాల్యూస్ మీద సమ్, అంటే sum(బస్తాలు.values()), పేరూ లెక్కా రెండూ కావాలంటే ఐటమ్స్, అంటే బస్తాలు.items(). పైథాన్ 3.7 నుంచి వేసిన వరసలోనే వస్తాయి. అసలు పేర్లే లేకుండా ఒకటి, రెండు, మూడు అని నంబర్లే అయితే డిక్షనరీ కూడా ఎందుకండీ, లిస్ట్ చాలు.