పాత కారు రేడియో బటన్లకు స్టేషన్ పెట్టుకోవడం

1950, 60ల నాటి అమెరికా కార్లలో వచ్చిన అయిదు బటన్ల రేడియో స్టేషన్ నంబరును గుర్తుపెట్టుకోదు. ఒక్కో బటన్ వెనక చిన్న లోహపు పలక ఉంటుంది. అది ఏ వాలులో బిగిసిందో అదే స్టేషన్. బటన్ నొక్కితే ఆ పలక ఒక అడ్డపట్టీని తోస్తుంది. దాంతో ఇనప పొడితో అచ్చుపోసిన కడ్డీలు, సాధారణంగా మూడు, కాయిల్స్‌ (తీగచుట్టల)లో ముందుకో వెనక్కో జరిగి స్టేషన్ మారుతుంది. డయల్ ముల్లు కూడా కదులుతుంది.

వాల్వుల (గాజు గొట్టాల) సెట్టయితే ముందు పావుగంట వేడెక్కనివ్వండి. చల్లగా ఉండగా పెట్టిన స్టేషన్ తర్వాత పక్కకు జారుతుంది. ఏరియల్ పూర్తిగా పైకి లాగి, నాబ్‌తో స్టేషన్ పట్టండి. డయల్ మీద చివరి సున్నా తీసేసి 54 నుంచి 160 దాకా అంకెలుంటాయి. విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ కావాలంటే ముల్లు 84కి కాస్త ముందు ఆగాలి. 'స', 'ష' గీరుకుపోతూ వినిపిస్తే ఇంకా పక్కనే ఉన్నారన్నమాట. గొంతు నిండుగా, మెత్తగా వచ్చే చోట ఆపండి.

ఇప్పుడు బటన్‌ను తిన్నగా బయటికి లాగండి. పలక బిగింపు వదులవుతుంది. వెంటనే ఒకే ఊపులో చివరిదాకా గట్టిగా నొక్కి వదలండి. సగం నొక్కితే బిగింపు పట్టదు. ఎక్కువమంది తప్పు ఇక్కడే.

తర్వాత ముల్లును ఎడమ చివరికి తిప్పి బటన్ నొక్కండి, కుడి చివరి నుంచీ నొక్కి చూడండి. రెండుసార్లూ ఒకే చోట ఆగాలి. తేడా వస్తే పట్టీ జారే చోట పాత గ్రీజు గట్టిపడిందని అర్థం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పలచగా కొత్త గ్రీజు రాయండి. స్ప్రే నూనె మాత్రం వద్దు. బటన్ నొక్కినప్పుడు నాబ్‌ను విడదీసే చిన్న క్లచ్ ఒకటి లోపల ఉంటుంది. దాని మీద నూనె పడితే నాబ్ తిరుగుతుంది గానీ ముల్లు కదలదు. కడ్డీల మరలు కూడా ముట్టుకోకండి. మూడూ కలిసి నడవాలి, ఒక్కటి తిరిగినా డయల్ మొత్తం తప్పుతుంది.

అన్ని స్టేషన్లూ నీరసంగా వినిపిస్తే ఏరియల్ సాకెట్ దగ్గరి ట్రిమ్మర్ అనే చిన్న సర్దుబాటు మర చూడండి. 1400 కిలోహెర్ట్జ్ (డయల్ మీద 140) దగ్గర బలహీనమైన స్టేషన్ పెట్టి, సన్న స్క్రూడ్రైవర్‌తో శబ్దం బాగా పెరిగే దాకా తిప్పితే చాలు.